సమాధుల తోటలో దొరసాని

మన సినిమా దెయ్యానిది ఏ మతమో ఎప్పుడైనా ఆలోచించారా?

కథలో వాళ్ళంతా మనవాళ్ళే. ఇంట్లో పూజగది ఉంటుంది, పెరట్లో తులసికోట ఉంటుంది, హీరో తల్లి పొద్దున్నే హారతి పళ్ళెంతో ఎదురొస్తుంది. అంతా బాగానే ఉంది. కానీ రాత్రి పన్నెండు కొట్టేసరికి, తెల్లచీర కట్టుకుని జుట్టు విరబోసుకున్న ఆ అమ్మాయి తిన్నగా ఎక్కడికి పోతుంది? సిలువలు పాతిన సమాధుల మధ్యకి! వెనకాల పాత చర్చి ఒకటి, దానికో గంటగోపురం, ఎండుకొమ్మ మీద గుడ్లగూబ, గంపలకొద్దీ పొగమంచు. బతికున్నన్నాళ్ళూ రామాలయానికి వెళ్ళిన పిల్ల, చచ్చాక చర్చి ఆవరణలోకి ఎందుకు మకాం మార్చిందో ఏ రచయితా చెప్పడు, ఏ ప్రేక్షకుడూ అడగడు.

ఆలోచిస్తే ఇందులో కెమెరా ఇబ్బంది ఒకటి కనిపిస్తుంది. చితి ఆరిపోయాక మిగిలేది కాసింత బూడిద, నాలుగు అస్థికలు. అవీ గోదావరిలో కలిసిపోతాయి. పేరు రాసిన రాయి ఉండదు, తేదీ ఉండదు. ఇక కెమెరా దేనిమీద ఆగాలి? సమాధి అలా కాదు. రాయి ఉంది, రాయిమీద పేరుంది, పుట్టిందెప్పుడో పోయిందెప్పుడో ఉంది. పైగా ఒక ఇనప గేటుంది. అది కిర్రుమంటుంది. డైరెక్టరుకి ఇంకేం కావాలండీ!

1964లో వచ్చిన రాజ్ ఖోస్లా ‘వో కౌన్ థీ’లో సరిగ్గా ఇదే జరిగింది. జోరున వాన. డాక్టరుగారి కారుకి అడ్డంగా తెల్లచీరలో సాధన. ఎక్కడ దింపమంటావంటే శ్మశానం గేటు దగ్గర దింపమంటుంది. ఆ గేటు దానంతటదే తెరుచుకుంటుంది. జనం దడుచుకున్నారు, దడుచుకుని మళ్ళీ టిక్కెట్టు కొనుక్కున్నారు. ఆ కథే 1966లో తమిళంలో ‘యార్ నీ’గా, తెలుగులో ‘ఆమె ఎవరు?’గా వచ్చింది. రెండింట్లోనూ జయలలితే. తెలుగులో జగ్గయ్య హీరో. హిందీ కథలో చివరికి తేలిందేమిటి? దెయ్యం లేదు, భూతం లేదు. ఆస్తి కోసం మనిషి పన్నిన పన్నాగం! ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత పనిపడుతుంది.

సెకండ్ షో దారి

మాది కోనసీమ. అమలాపురంలో సెకండ్ షో వదిలాక మా ఊరికి కాలవగట్టునే నడక. ఒక పక్క కాలవ, ఒక పక్క కొబ్బరితోటలు, మధ్యలో మేం అయిదారుగురం. చూసిన సినిమా రామారావుదైతే కొబ్బరిమట్టలతో కత్తియుద్ధాలు చేసుకుంటూ, నాగేశ్వరరావుదైతే విరహాలు పాడుకుంటూ వచ్చేవాళ్ళం. లాకులు దాటాక వంతెన. వంతెన దిగిన మలుపులో సమాధుల తోట. అక్కడికొచ్చేసరికి పాట ఆగేది కాదు, గొంతు పెరిగేది. అందరికంటే వెనక నడవడానికి మాత్రం ఒక్కడూ ఒప్పుకునేవాడు కాదు. చివరివాడి భుజంమీద దొరసాని చెయ్యి వేస్తుందని ప్రతీతి.

అవును, దొరసానే! తెల్లగౌను వేసుకుని, చేత్తో లాంతరు పట్టుకుని కాలవ రేవుదాకా వస్తుందట. పడవ కోసం అటూఇటూ చూసి వెనక్కి వెళ్ళిపోతుందట. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట. గౌను నేలమీద ఈడ్చుకుంటూ పోతుంటే పాదాలు ఎలా కనిపించాయిరా అని అడిగిన మా మేనమామకి ఇవాళ్టిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు.

తమాషా ఏమిటంటే ఆ తోటలో దొరలూ లేరు, దొరసానులూ లేరు. తెల్లవాళ్ళ సమాధి ఒక్కటంటే ఒక్కటి లేదు. అక్కడ పడుకున్నవాళ్ళంతా మా ఊరివాళ్ళే. ఊడ్పులు ఊడ్చినవాళ్ళు, కొబ్బరిదింపులు తీసినవాళ్ళు, రేవులో పంటు నడిపినవాడు, ఎలిమెంటరీ స్కూలు మేష్టరు, ఊళ్ళో సగంమందికి బొడ్డుకోసిన మంత్రసాని. బతికుండగా రోజూ ఎదురుపడి “ఆయ్, బాగున్నారాండి” అని పలకరించినవాళ్ళు. మరి వాళ్ళ మధ్యకి ఈ గౌను మనిషి ఎక్కణ్ణుంచి వచ్చింది?

కోనసీమకి సొంత దెయ్యాలు లేక కాదు. లంకల్లో, సముద్రం దగ్గరి ఉప్పుటేళ్ళ పక్కన అర్ధరాత్రి నిప్పు పట్టుకు తిరిగే కొరివి దెయ్యం ఉంది. రాత్రిపూట పీతలు పట్టుకునేవాళ్ళ దివిటీలే ఆ నిప్పని వాళ్ళే చెప్పి నవ్వుతారనుకోండి. రావిచెట్టు మీద బ్రహ్మరాక్షసి ఉంది. పెళ్ళికాని కుర్రాళ్ళని పట్టే కామినీ దెయ్యం ఉంది. గాలి సోకితే వేపమండలున్నాయి, విబూది ఉంది, ఎండుమిరపకాయల పొగ ఉంది. ఆ పొగకి దెయ్యం సంగతేమోగాని పక్కింటివాళ్ళు మాత్రం ఊరు వదిలిపోవాల్సిందే.

చర్చి దగ్గర వినపడే కీచుమనే అరుపుకి, తెల్లగా గాల్లో తేలిపోయే ఆకారానికి కూడా ఒక సమాధానం ఉంది. పాత కట్టడాల్లో, గంటగోపురాల్లో గూడుకట్టే తెల్ల గుడ్లగూబ. మొహం తమలపాకులా గుండ్రంగా తెల్లగా ఉంటుంది. రెక్కల చప్పుడు వినపడదు. అరిస్తే మాత్రం ఆడమనిషి గొంతు చించుకున్నట్టే ఉంటుంది. సెకండ్ షోలో ‘ఆమె ఎవరు?’ చూసి వచ్చేవాడికి ఇంతకంటే సరంజామా ఏం కావాలి!

మా సమాధుల తోటకి కావలి కాసే ముసలాయన్ని ఒకసారి పట్టపగలే అడిగాను.

“తాతా, దొరసానిని ఎప్పుడైనా చూశావా?”

“చూళ్ళేదండి బాబూ. నలబై ఏళ్ళబట్టి గోతులు తవ్వుతున్నానండి. ఈళ్ళంతా నిద్రపోతన్నారండి. రాయిమీద రాసే ఉందిగా, సదూకోండి” అన్నాడు.

నిజమే. మన క్రైస్తవుల సమాధి రాళ్ళ మీద ‘మరణించెను’ అని రాయరు, ‘ప్రభువునందు నిద్రించెను’ అని రాస్తారు. నిద్రపోయేవాళ్ళని చూసి దడుచుకోవడం ఆయనకి వింతగానే ఉంటుంది మరి. ఈస్టరు పండగనాడు తెల్లవారకముందే ఆ తోట చూడాలి మీరు. వారం ముందునుంచీ సున్నాలు కొడతారు, గడ్డి పీకుతారు, వెలిసిపోయిన అక్షరాలకి నల్లరంగు దిద్దుతారు. తెల్లారగట్ల కొవ్వొత్తులు, బంతిపూలు, పాటలు, పిల్లల కేరింతలు. మేం ఊపిరి బిగపట్టి పరుగెత్తిన చోటే ఆ పిల్లలు తాతగారి సమాధి మీద కూర్చుని బిస్కట్లు తింటూ ఉంటారు. కాథలిక్కులైతే నవంబరు 2న చనిపోయినవాళ్ళందరి పండగ చేసుకుంటారు. అప్పుడూ ఇదే సంబరం.

అంటే, ఒకే తోటకి రెండు రకాల జనం. లోపల ఎవరున్నారో పేరుపేరునా తెలిసినవాళ్ళకి అక్కడ దెయ్యం లేదు. దెయ్యమల్లా గోడ బయటినుంచి చూసేవాళ్ళదే.

అందుకే మా ఊరి దొరసాని అసలు చిరునామా ఎక్కడా అని వెతుక్కుంటూ బయల్దేరాను.

తెల్లగౌను వచ్చిన దారి

దారి కష్టమేమీ కాదు. అమలాపురం మీదుగా పోయే 216 నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే రాజోలు, దిండి, అక్కడ వశిష్ట గోదావరి మీద చించినాడ వంతెన, అవతల పాలకొల్లు, నరసాపురం, అలా పోతే బందరు. వంతెన లేని రోజుల్లో రేవు దాటడానికే సగం పూట పట్టేది.

నరసాపురం, పాలకొల్లు అంటే కోనసీమ క్రైస్తవులకి పుట్టిల్లులాంటివి. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఆయన వెంట ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఈ ప్రాంతంలోనే స్థిరపడి గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేశారు. దొర, దొరసాని అన్న మాటలు పల్లెల్లో భయంతోనూ భక్తితోనూ కలిసి వినపడిన కాలం అది. వాళ్ళకంటే చాలా ముందు, 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్ళు బట్టల వ్యాపారానికి పాలకొల్లు వచ్చారు. వ్యాపారం పోయింది, సమాధి రాళ్ళు మిగిలాయి. బందరులోనూ, భీమునిపట్నంలోనూ అలాంటివే ఉన్నాయి. రాళ్ళ మీద వంశచిహ్నాలు, మనకి అంతుపట్టని భాషలో పొడుగాటి రాతలు. ఇంకాస్త దక్షిణంగా, తమిళనాడులోని పులికాట్‌లో డచ్చి శ్మశానం ద్వారానికి అటూఇటూ రాతి అస్థిపంజరాలే నిలబెట్టారు! ఇవన్నీ చూసిన పల్లెటూరి మనిషి కథ అల్లకుండా ఎలా ఉంటాడు?

అన్నట్టు ఒక చిన్న ముచ్చట. నరసాపురం పక్కనే మాధవాయిపాలెం ఉంది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ గుమాస్తాలని పెట్టి నేతబట్ట కొని సీమకి పంపేవారు. ఆ ఊరిపేరే వాళ్ళ నోట్లో పడి ‘మడపొల్లం’ అయింది. పల్చటి తెల్ల నూలుగుడ్డకి ఆ పేరు ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. కాబట్టి సీమదెయ్యం తెల్లగౌను వేసుకుని మన కాలవగట్టున తిరిగిందంటే, ఆ గుడ్డ మాత్రం మన గోదావరి మగ్గం మీదిదే అయి ఉండాలి!

సరే, అసలు దొరసాని దగ్గరికి వద్దాం. ఆవిడ బందరులో ఉంది. పేరు అరబెల్లా రాబిన్సన్.

చోటు దొరకని మనిషి

బందరుకి చావు కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరిమీద పడితే సుమారు 30,000 మంది పోయారని లెక్క. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమలో ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తే. గుట్టలు గుట్టలుగా సామూహిక దహనాలు చేశారు. అంతమంది పోయిన ఊళ్ళో జనం ఇవాళ్టికీ కథగా చెప్పుకునేది మాత్రం 1809లో పోయిన ఒక్క ఆడమనిషి గురించి. అదీ విచిత్రం.

కథ ఇది. మేజర్ జనరల్ జాన్ పేటర్ అని కంపెనీ సైన్యంలో పెద్ద అధికారి. బందరులో ఉండేవాడు. ఆయన ప్రాణంగా చూసుకున్న మనిషి అరబెల్లా. 1809లో ఆమె చనిపోయింది. జనరల్‌గారు కాబట్టి మిలటరీ లాంఛనాలతో జరగాల్సిన అంత్యక్రియ అక్కడే ఆగిపోయింది. ప్రతిష్ఠ చేసిన శ్మశానంలో ఆమెకి చోటివ్వడానికి వీల్లేదన్నారు. ఎందుకూ అంటే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. వాళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు కనక అని కొందరు, ఆమె రోమన్ కాథలిక్ కనక అని కొందరు. కారణం ఏది చెప్పినా, గేటు దగ్గర శవాన్ని ఆపేశారన్న సంగతి మాత్రం అన్ని కథల్లోనూ ఉంది.

పటాలాలకి హుకుం చెయ్యగల మనిషి. ఆరడుగుల నేల కోసం చెయ్యిచాపితే లేదన్నారు! అప్పుడాయన ఏం చేశాడయ్యా అంటే, ఎవరితోనూ పోట్లాడలేదు. ఆమెని వేరే నేలలో ఉంచి, ఆ సమాధిమీద తన సొంత ఖర్చుతో ఏకంగా ఒక చర్చి కట్టించేశాడు. కట్టించి కంపెనీవారికి అప్పగించాడు. అదే బందరు సెయింట్ మేరీస్ చర్చి. చర్చి ప్రతిష్ఠ అయ్యాక దాని కప్పుకింద నేల పవిత్రం కాక చస్తుందా? పవిత్రమైన నేలలోకి ఆమెని రానివ్వలేదు, అందుకని పవిత్రమైన నేలనే ఆమె దగ్గరికి తీసుకొచ్చాడు. ఇంత మర్యాదగా, ఇంత మొండిగా కక్ష తీర్చుకున్నవాణ్ణి నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

ఇక్కడితో ఆగితే అది చరిత్ర. జనం ఆగనిచ్చారా? చర్చి పూర్తయ్యేదాకా ఆమె శరీరాన్ని చెడిపోకుండా మందులతో భద్రం చేసి అద్దం మూత ఉన్న పెట్టెలో ఉంచారనీ, జనరల్‌గారు వచ్చి చూసుకునేవారనీ చెబుతారు. చర్చి అయ్యాక కూడా ఆ పెట్టె నేలకింద గదిలో ఉండేదట. మీట తిప్పితే పైకి లేచేదట. చూడవచ్చినవాళ్ళకి నిద్రపోతున్నట్టే కనిపించేదట. తర్వాతెప్పుడో ఆ గది మూసేశారట. మూసేశారు అనగానే తక్కినది మీరే ఊహించుకోవచ్చు. పెట్టెలో ఇమడని దొరసాని బయటికొచ్చింది. బందరులో నన్ను ఎక్కించుకున్న రిక్షా ఆయన చర్చి కనపడేంత దూరంలో ఆపి “మా తాత చూశాడంటండి” అన్నాడు. ఆ తాతకి ఎవరు చెప్పారని అడిగితే “ఆయన తాత” అన్నాడు.

అద్దాల పెట్టె అబద్ధమేనంటారా? పూర్తిగా కొట్టిపారెయ్యడానికి లేదు. 1775లో లండన్‌లో మార్టిన్ వాన్ బుచెల్ అనే పళ్ళ డాక్టరు చనిపోయిన తన భార్య మేరీని, విలియం హంటర్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడి చేత మందులు పట్టించి, మంచి బట్టలు తొడిగించి, అద్దం మూతపెట్టెలో తన ఇంటి హాల్లోనే పెట్టుకున్నాడు. జనం చూడ్డానికి ఎగబడ్డారు. మళ్ళీ పెళ్ళిచేసుకుంటే కొత్తభార్య ఒప్పుకోలేదు. (ఒప్పుకుంటుందా!) ఆ పెట్టె తర్వాత ఒక మ్యూజియంకి చేరి, చివరికి 1941 బాంబుదాడిలో నాశనమైంది. ఇది రుజువులున్న సంగతి. కనక 1809 నాటి ఆంగ్లేయుడికి అద్దాల పెట్టె తెలియని విద్య కాదు. ఆ లండన్ ముచ్చటే ఎవరైనా ఓడలో తెచ్చి బందరు దొరసానికి తొడిగి ఉండనూ వచ్చు. కథలు బట్టల బేళ్ళకంటే తేలిగ్గా ఓడెక్కుతాయి.

నన్నడిగితే అద్దాల పెట్టె కంటే ఆ గేటు భయంకరం. ఆ రోజుల్లో ఇంగ్లండులోనే చావుకి రకరకాల తరగతులుండేవి. ఆత్మహత్య చేసుకున్నవాణ్ణి పవిత్రమైన నేలలోకి రానిచ్చేవారు కాదు. నాలుగురోడ్ల కూడలిలో పూడ్చి, లేచి రాకుండా గుండెల్లో మేకు దిగ్గొట్టేవారు. 1823లో చట్టం తెచ్చి ఆ ఆచారాన్ని మాన్పించారు. ఆ కూడళ్ళలోనే దెయ్యాలు తిరుగుతాయని అక్కడి జనం చెప్పుకునేవారు. చోటివ్వనిది వాళ్ళే, తిరుగుతోందని భయపడిందీ వాళ్ళే!

మన దెయ్యాల చిట్టా ఒకసారి తిరగెయ్యండి. బాలింతగా పోయింది, నూతిలో పడ్డది, ఉరిపోసుకున్నవాడు, దిక్కులేక కాలవలో కొట్టుకొచ్చినవాడు, కర్మ చేసేవాడు లేనివాడు. నిండా బతికి, పిల్లలు పాడెమోస్తే పోయిన ముసలమ్మ దెయ్యమైందని ఎక్కడైనా విన్నారా? ఇంట్లోనో, కాట్లోనో, లెక్కల్లోనో చోటు దొరకనివాళ్ళకే మనం వేపచెట్టు కొమ్మ కేటాయించాం. అరబెల్లాకి చోటు దొరికింది కదా, ఇంకా ఎందుకు తిరుగుతోందంటే, గేటు దగ్గర ఆపినవాళ్ళ సంగతి ఊరు మర్చిపోలేదు కాబట్టి.

మన సినిమాకి ఈ సంగతి తెలియకపోలేదు. 1964లోనే ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’ తీశారు. గోదావరి గట్టు, పడవ, సమాధి, పూర్వజన్మ. దెయ్యం సినిమాకి కావలసిన సామానంతా ఉంది. కానీ హాల్లో ఎవరైనా భయపడ్డారా? వెక్కివెక్కి ఏడ్చారు. ముసలి గౌరమ్మగా జమున ఆ సమాధి ఎవరిదో, వాళ్ళు ఎలా బతికారో, ఎలా పోయారో కూర్చోబెట్టి చెప్పింది. కథ తెలిశాక ఇక దెయ్యం ఎక్కడుంటుంది? ఏ నిర్మాతకైనా అరబెల్లా కథ మీద మనసు పడితే ఒకటే మనవి, సెకండాఫ్‌లో ఆవిడకి పొగమంచు పెట్టకండి. పేటర్ దొర వేషానికి ఎస్.వి. రంగారావుగారు ఉండి ఉంటే ఎంత బావుండేదో! గేటు దగ్గర ఆయన మాటాడకుండా నిలబడే ఒక్క షాటు చాలు. 1974లోనే వెళ్ళిపోయారాయన.

గోడకి ఇటుపక్క

ఇప్పుడు మళ్ళీ కోనసీమకి. మొదట గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడ కావాలి.

మా వంతెన మలుపులో ఇప్పుడు వీధిలైట్లున్నాయి. సెకండ్ షో నుంచి నడిచొచ్చేవాళ్ళెవరూ లేరు, మోటారు సైకిళ్ళ మీద రయ్యిన పోతారు. దొరసాని పేరెత్తితే కుర్రాళ్ళు ఫోన్లలోంచి తలెత్తకుండా నవ్వుతారు. భయం పోయింది. మంచిదే. కానీ భయంతోపాటు ఒక కావలిమనిషి కూడా పోయాడని ఆ తాత చెబితేగాని నాకు తట్టలేదు.

“అప్పుడు దెయ్యం ఉందని ఎవడూ ఇటుకేసి వచ్చేవాడు కాదండి. ఇప్పుడు లేదని తెలిసిపోయిందండి. ఏడాదికి మూరెడు సొప్పున కంచె లోపలికొత్తందండి” అన్నాడు.

కోనసీమ నేల సంగతి చెప్పేదేముంది. కాలవగట్టు వారగా జానెడు చోటున్నా ఒక కొబ్బరిమొక్క దిగుతుంది. అలాంటి చోట చచ్చినవాళ్ళ కోసం అరెకరం ఖాళీగా ఉంచడమంటే బతికున్నవాళ్ళకి మహా కష్టంగా ఉంటుంది. ‘వో కౌన్ థీ’లో ఆస్తి కోసం దెయ్యాన్ని పుట్టించారు. ఇక్కడ ఆస్తి కోసం దెయ్యాన్ని చంపేశారు, అంతే తేడా! కొన్ని పేటలకి అసలు సమాధుల తోటే లేదు. ఇంకొన్నిటికి తోట ఉంటుందిగాని దానికి దారి లేదు. వానాకాలం శవపెట్టెని మొలలోతు నీళ్ళలో, ఎవరిదో చేనుగట్టు మీద, వాళ్ళు తిడుతుంటే మోసుకుపోవాలి. పేపర్లో జిల్లా పేజీలో మూలన ఇలాంటి వార్త వస్తూనే ఉంటుంది, చదివి తిప్పేస్తాం. ఒకే తోటలో రెండో పొర, మూడో పొర పూడ్చుకుంటూ పోవడం కూడా మామూలైపోయింది. ఆ మోసుకెళ్ళేవాళ్ళలో పేటర్ దొరలు లేరు. సొంత ఖర్చుతో చర్చి కట్టించుకునే తాహతు ఎవరికుంది? ఒక అర్జీ రాసుకోగలరు, కలెక్టరాఫీసు మెట్లెక్కగలరు. గేటు మాత్రం అదే గేటు.

మా తోటలో ఈశాన్యం మూల ఒక వరస ఉంది. రాళ్ళు లేవు, మట్టిదిబ్బలే. 1986 ఆగస్టులో గోదావరి ఎన్నడూ లేనంతగా పొంగినప్పుడు కొట్టుకొచ్చినవాళ్ళు ఇద్దరు అక్కడున్నారు. 1996 నవంబరు 6న తుపాను మా తూర్పుగోదావరి మీద పడింది. ఆ ఒక్క గాలికి వెయ్యిమందికి పైగా పోయారు. తర్వాత కాలవ తూముకి అడ్డంపడి దొరికినవాళ్ళు ముగ్గురు అక్కడే ఉన్నారు. ఏ ఊరో, ఏ కులమో, ఏ మతమో తెలియదు. అప్పటి సంఘపెద్దలు కూచుని ఎక్కువ చర్చేమీ చెయ్యలేదట. “ఎక్కడో ఒకచోట పడుకోవాలి కదా, ఇక్కడే పడుకుంటారు” అని తాతని గొయ్యి తియ్యమన్నారట. మేం చిన్నప్పుడు దొరసాని చెయ్యి వేస్తుందని పరుగెత్తిన మలుపు సరిగ్గా ఆ మూలకి ఎదురే.

మొన్న ఈస్టరుకి తెల్లవారుజామున వెళ్ళాను. ఒక నడివయసు ఆవిడ పళ్ళెంనిండా కొవ్వొత్తులు పెట్టుకుని వచ్చింది. తల్లి దగ్గర ఒకటి, అత్తగారి దగ్గర ఒకటి వెలిగించింది. గాలికి చెయ్యి అడ్డంపెట్టుకుంటూ ఆ మూలకి నడిచి, మట్టిదిబ్బల మీద వరసగా పెట్టుకుంటూ పోయింది.

“వీళ్ళు మీకేమవుతారండీ?” అన్నాను.

“ఏమీ అవరండి. మా అమ్మ పెట్టేదండి, నేనూ పెడతన్నానండి” అంది. వంగుని లెక్క చూసుకుంది. “అయిదు పెట్టాలండి. గాలికి ఒకటారిపోయింది, అగ్గిపెట్టుందాండి మీ దగ్గర?”